నెత్తురు ఆమెది, రిపోర్టు మాది

కరీంనగర్‌లో నా ల్యాబు గది తలుపు పక్కన ఒక ఇనుప బెంచీ ఉండేది. నేను ల్యాబు నడిపిన ఏళ్లలో చాలావరకు దాని మీద పేషెంట్లే కూర్చున్నారు. లోపల నా ఎదుటి కుర్చీలో వాళ్ల కొడుకో, అల్లుడో, తమ్ముడో కూర్చునేవాడు. రక్తం ఇచ్చిన మనిషి బయట, ఆ రక్తం సంగతి వినే మనిషి లోపల. ఈ ఏర్పాటులో తప్పుందని చాలాకాలం నాకు తట్టలేదు. తట్టేసరికి ఒక మనిషి వెన్నుపూస విరిగింది.

పాథాలజీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు ఇప్పుడు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఏ మిషను కొంటే మంచిది, హైదరాబాద్ పెద్ద ల్యాబుల పోటీకి ఎట్లా తట్టుకోవాలి అని అడుగుతారు. వాటికి నా దగ్గరున్న జవాబులు పాతబడిపోయాయి. చెప్పగలిగింది ఒక్కటుంది, అది చెప్పబోతే కోపం వస్తుంది. ఆ కోపంలో పెద్ద వాటా నా మీదే. మిగిలినది ఇప్పుడు ల్యాబుల్లో కూర్చున్న మీ మీద. మొన్న మా వీధిలో కొత్తగా తెరిచిన ల్యాబుకు నా షుగరు చూపించుకోవడానికి వెళ్లాను. గాజు తలుపులు, ఏసీ, గోడకు పెద్ద టీవీ. అన్నీ ఉన్నాయి, డాక్టరు గది బయట బెంచీ కూడా ఉంది. దాని మీద ఒక ముసలాయన ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ఆయన కొడుకు తల ఊపుతున్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దాయన నేర్పిన దయ

నా మొదటి ఉద్యోగం ఆదిలాబాద్ సర్కారు దవాఖానలో. అక్కడి పెద్ద డాక్టరును అందరం పెద్దాయన అనేవాళ్లం. మంచి మనిషి. లంచం ముట్టలేదు, పేదవాణ్ణి కసురుకోలేదు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే చెడ్డవాళ్ల దగ్గర నేర్చుకున్న తప్పులు తొందరగా వదిలిపోతాయి. మంచివాళ్ల దగ్గర నేర్చుకున్నవే చివరిదాకా ఉంటాయి.

బోథ్ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. గాజు పలక మీద ఆయన రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూశాను. బ్లడ్ క్యాన్సర్, అదీ ముదిరిపోయింది. పరుగెత్తుకెళ్లి పెద్దాయనకు చెప్పాను. ఆయన వరండాలోకి వచ్చి, రైతు భుజం మీద చెయ్యి వేశాడు.

"పటేలా, నువ్వు గీడ జర కూసో. నీ కొడుకుతోని ఒక మాట మాట్లాడాలె."

కొడుకుకు లోపల అంతా చెప్పాడు. తర్వాత బయటికి వచ్చి రైతుతో, "ఏం లేదు పటేలా, రక్తం పల్చబడ్డది. మంచిగ తిను" అన్నాడు.

"తినుడేనా సార్ మందు?" రైతు మొహం విచ్చుకుంది. "గట్లయితె మటన్ తినొచ్చునా? మా కోడలు పెడ్తలేదు, బీపీ అనుకుంట."

"రోజు తిను. నేను చెప్పిన్నని చెప్పు నీ కోడలికి."

ఆ మనిషి నవ్వుకుంటూ వెళ్లాడు. కొద్దివారాలకే పోయాడని తెలిసింది. పెద్దాయన నాతో, "చెప్తే అదే దినం సచ్చిపోతుండె. ఉన్న నాలుగు దినాలు నవ్వుకుంట ఉన్నడు గద" అన్నాడు. నాకు ఆయన మీద భక్తి కలిగింది. డాక్టరంటే ఇట్లా ఉండాలనుకున్నాను.

ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, ఆ రైతుకు చేయగలిగింది ఏమీ లేదు. దారులన్నీ మూసుకుపోయిన మనిషికి పెద్దాయన చూపిన దయ అది. దాన్ని పట్టుకెళ్లి, దారి తెరిచి ఉన్న మనుషుల మీద కూడా వాడాను నేను. ఆ తప్పు ఆయనది కాదు.

నాణేల దొంతర

ఇక్కడ కొంచెం రక్తం గురించి చెప్పాలి. ఎముకల లోపల మూలుగ ఉంటుంది. అందులో ప్లాస్మా కణాలనేవి రోగాలతో పోరాడే రకరకాల ప్రొటీన్లు తయారుచేస్తాయి. ఒక్కోసారి వాటిలో ఒకే ఒక్క కణం పిచ్చిపట్టినట్టు పెరిగి, ఒకే రకం ప్రొటీన్‌ను రక్తంలోకి గుమ్మరిస్తుంది. అది ముదిరితే మైలోమా. ఎముకలు గుల్లబారి విరుగుతాయి, కిడ్నీలు పాడవుతాయి, రక్తం తగ్గిపోతుంది.

ఆ ప్రొటీన్ వల్ల ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. మైక్రోస్కోపులో రూపాయి నాణేలు దొంతర పెట్టినట్టు కనిపిస్తాయి. ఈఎస్ఆర్ అనే మామూలు పరీక్ష ఆకాశానికి ఎక్కుతుంది. మా పెద్దాయన లెక్కలో ఈఎస్ఆర్ పెరిగి నడుం నొప్పి ఉంటే ఎముకల టీబీ. ఇంకోటి లేదు. ఉట్నూర్‌లో జీపు నడిపే ఒక డ్రైవరుకు అట్లాగే టీబీ మాత్రలు రాశాడు. అతని రక్తంలో నాకు నాణేల దొంతరలు కనిపించాయి. చెప్పాను.

"గీడ టీబీనే ఉంటదయ్యా. పుస్తకాల రోగాలు ఆదిలాబాద్‌కు రావు" అన్నాడు పెద్దాయన.

నేను ఊరుకున్నాను. రిపోర్టులో ఈఎస్ఆర్ అంకె ఒక్కటి రాసి సంతకం పెట్టాను. కొన్నాళ్లకు ఆ డ్రైవరు జీపు దిగబోతే తొడ ఎముక విరిగింది. కింద పడి విరగలేదు, విరిగి కింద పడ్డాడు. అప్పటికి రోగం ముదిరిపోయింది.

ఆ రోజు నుంచి నాణేల దొంతర కనిపిస్తే నేను వదల్లేదు. కరీంనగర్ వచ్చి సొంత ల్యాబు పెట్టాక మరీను. కాలం కూడా మారింది. ఈ రోగాన్ని ముదరకముందే, మనిషికి ఏ బాధా లేనప్పుడే పట్టుకునే పరీక్షలు వచ్చాయి. రక్తంలోని ప్రొటీన్లను కరెంటుతో విడదీస్తే ఆ పిచ్చి ప్రొటీన్ ఒక గీతలాగా విడిగా నిలబడుతుంది. ఆ గీత ఎంత మందంగా ఉంది, లైట్ చెయిన్లు అనే చిన్న ముక్కల్లో ఒక రకం రెండోదానికంటే ఎన్ని రెట్లు పెరిగింది, మూలుగలో ఆ కణాలు ఎంత భాగం ఆక్రమించాయి. ఈ మూడూ కలిపి చూస్తే, ఎవరికి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుందో, ఎవరికి తొందరలో ముదురుతుందో చాలావరకు చెప్పొచ్చు. వీటన్నిటికంటే ముఖ్యం పోయినసారి అంకెకూ ఈసారి అంకెకూ మధ్య దూరం. ఒక్క రిపోర్టు ఫొటో లాంటిది. మనిషి ఎటు నడుస్తున్నాడో ఫొటోలో తెలియదు.

అంటే ఈ దశలో మందేమిటి? చాలామందికి ఏ మందూ లేదు. మళ్లీ రావడమే మందు. మళ్లీ మళ్లీ రావాలంటే ఎందుకు రావాలో ఆ మనిషికి తెలియాలి. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు మార్తమ్మ నడుం విరగాల్సి వచ్చింది.

ఈసారి ముందే దొరికింది

మార్తమ్మది మెట్‌పల్లి దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, భర్త లేడు. చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తుంది. ఆ వైపు ఇళ్లల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ పొద్దంతా కూర్చుంటారు. ఆమె తమ్ముడు సామేలు మస్కట్‌లో ఏసీ మెకానిక్. గల్ఫ్ నుంచి లీవు మీద వచ్చినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు ఫుల్ బాడీ చెకప్ చేయించడం మా వైపు ఒక ఆచారమైపోయింది. పెర్‌ఫ్యూము, చాక్‌లెట్లు, దుప్పట్లు, చెకప్. క్రిస్మస్‌కు వచ్చిన సామేలు, కొత్త సంవత్సరం ప్రార్థన అయిన మర్నాడే అక్కను నా ల్యాబుకు తీసుకొచ్చాడు.

అప్పటికి ఆమెకు ఏ నొప్పీ లేదు. చెకప్ రిపోర్టులో ప్రొటీన్ పెరిగి ఉంది. చుక్క రక్తం గాజు మీద పరిచి చూస్తే దొంతరలు. మిగతా పరీక్షలు పంపించాను. గీత కనిపించింది. అక్కతో ఇదీ చెకప్‌లోదేనని అనమని సామేలుకు చెప్పి, హైదరాబాద్ పంపించి మూలుగ పరీక్ష, స్కాను చేయించాను. ఎముకలు గట్టిగానే ఉన్నాయి, కిడ్నీలు బాగున్నాయి. తొలిదశ. కాని ముదిరే అవకాశం ఎక్కువున్న తొలిదశ. అక్కడి రక్తరోగాల డాక్టరు కూడా మూడు నెలలకోసారి తప్పకుండా చూడాలన్నాడు. ఆయన కూడా సామేలునే లోపలికి పిలిచి చెప్పాడు. చదువుకున్నవాళ్లమంతా ఒక్క బడిలోనే చదివాం మరి.

నాకు గర్వంగా ఉంది. ఉట్నూర్ డ్రైవరును పోగొట్టుకున్నాను, ఈమెను ముందే పట్టుకున్నాను అనుకున్నాను.

హైదరాబాద్ రిపోర్టులతో తిరిగి వచ్చాక సామేలు నా ఎదుట కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "సార్, మా అక్కకు మాత్రం చెప్పకుండ్రి. బావ పోయినంక ఒంటి చేత్తోటి ఇల్లు గుంజుకొచ్చింది. గీ రోగం పేరు ఇంటె దిగులుతోనే పోతది."

"నేనెందుకు చెప్తానయ్యా. నువ్వు గుర్తుపెట్టుకో చాలు. మూడు నెలలకోసారి."

"నాది పూచీ సార్."

బయటికి వచ్చాను. బెంచీ మీద మార్తమ్మ ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కూర్చుంది.

"ఏమన్న ఉన్నదా సార్?"

"ఏం లేదమ్మా. రక్తం కొంచెం తక్కువ. మంచిగా తిను."

"గింత దానికా వీడు గంత సేపు లోపట కూసున్నడు?" తమ్ముణ్ణి చూపించి నవ్వింది. "వీని మొకం జూడుండ్రి సార్. ఇంటర్ల ఫేలైనప్పుడు గూడ గిట్ల లేకుండె."

సామేలు నవ్వాడు. నేనూ నవ్వాను. కొద్దిరోజులకు సామేలు మస్కట్ వెళ్లిపోయాడు. ఆమె ఒంట్లో ఏముందో ఆ ఇంట్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి విమానమెక్కి సముద్రం దాటాడు. నేను ఆ సంగతి గమనించలేదు.

రెండు కవర్లు

ఎండాకాలం రావాల్సిన పరీక్షకు ఆమె రాలేదు. సామేలు అక్కడి నుంచి ఫోన్లు చేశాడట. "చెకప్‌కు పో అక్కా" అంటే, "నాకేమైందిరా? సార్ ఏం లేదన్నడు గద" అన్నదట. ఎందుకు వెళ్లాలో అతను చెప్పలేడు, చెప్పొద్దని మేమిద్దరం అనుకున్నాం కదా. నా మాటే ఆమెకు అడ్డం పడింది. 'ఏం లేదు' అన్నది డాక్టరు. డాక్టరు మాటకు తమ్ముడి ఫోను ఎదురు నిలవగలదా?

వానలు పడ్డాక, తమ్ముడి పోరు పడలేక ఒకరోజు తనే బస్సెక్కి వచ్చింది.

"మా తమ్మి మస్కట్ల కూసోని నా నెత్తురు మీద పడ్డడు సార్. దినాం ఫోనే. మీరన్న చెప్పుండ్రి వానికి. ఏం లేనిదానికి మల్ల మల్ల సూది దేనికి?"

ఇంతకంటే సూటిగా ఏ పేషెంటైనా అడుగుతాడా? తలుపు ఆమే తెరిచింది. నేను లోపలికి పిలిచి కూర్చోబెట్టి చెప్పాల్సింది. "తమ్ముడి ముచ్చట తీర్చమ్మా" అన్నాను. రక్తం తీయించాను.

వారం దాటాక ఫలితాలు వచ్చాయి. గీత మందం పెరిగింది. లైట్ చెయిన్ల తేడా ఒక్కసారిగా ఎగబాకింది. రక్తం కూడా తగ్గింది. రోగం నడక మొదలుపెట్టిందని ఆ కాగితం అరిచి చెప్తోంది. నేను ఏం చేశానో వినండి. రిపోర్టును రెండుగా విడగొట్టాను. రక్తం, షుగరు ఉన్న కాగితం ఒక కవరులో పెట్టి, తీసుకోవడానికి వచ్చిన మార్తమ్మకు ఇచ్చాను. గీత, లైట్ చెయిన్లు ఉన్న కాగితాన్ని ఫొటో తీసి మస్కట్‌కు పంపాను. రక్తం ఇవ్వడానికి ఆమె సరిపోయింది. రిపోర్టు తీసుకోవడానికి సరిపోలేదు.

సామేలుకు ఫోను చేశాను. "ఇక ఆగొద్దయ్యా. హైదరాబాద్ తీసుకుపోవాలి, మందులు మొదలుపెడతారేమో."

"సార్, లీవు ఇస్తలేరు. క్రిస్మస్‌కు పక్కా వస్త. గప్పటిదాక ఆగొచ్చునా?"

ఆగకూడదని నాకు తెలుసు. "ఆగొచ్చులే" అన్నాను. అక్క బస్సెక్కి వచ్చేంత దూరంలో ఉంది, నేను సముద్రం అవతలి తమ్ముడి సెలవు కోసం ఎదురుచూశాను.

నడుం

బతుకమ్మ రోజులు దగ్గరపడేసరికి ఆమెకు నడుం నొప్పి మొదలైంది. బీడీలు చేసే ఊళ్లో నడుం నొప్పి రోగం కాదు. పొద్దంతా వంగి కూర్చునే ప్రతి ఆడమనిషికీ ఉంటుంది. పక్కింటివాళ్లు అదే అన్నారు, ఆమె కూడా అదే అనుకుంది. ఊళ్లోని ఆర్ఎంపీ డాక్టరు నొప్పి సూదులు వేశాడు. తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వేశాడు. అతన్ని తిట్టను. అతనికి ఏం తెలుసు? మైలోమా ఉన్న మనిషికి ఆ సూదులు కిడ్నీల మీద విషంలాగా పనిచేస్తాయని తెలిసినవాణ్ణి నేను. ఆ మాట ఆమెకు చెప్పనివాణ్ణి కూడా నేను.

ఒకరోజు మధ్యాహ్నం చాట పక్కన పెట్టి లేవబోయి, లేవలేక కేక వేసిందట. వెన్నుపూస కూలిపోయింది. కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చేసరికి కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయని తేలింది. సామేలుకు లీవు అప్పుడు దొరికింది.

నేను చూడటానికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాలని రెండు రోజులు సాకులు వెతుక్కుని, వెళ్లాను. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. సామేలు వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నిలబడ్డరేంది సార్, కూసోండ్రి. నేనైతే లేవరాదు."

కూర్చున్నాను.

"సామేలు ఏడ్సుకుంట అంత చెప్పిండు. వాన్ని ఏం అనలే. వాడు నా చేతుల పెరిగిన పోరడు, భయపడ్డడు. మీకేమైంది సార్? మీరెందుకు భయపడ్డరు?"

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

"క్రిస్మస్ పోయిన కాంచి నా నెత్తురు సంగతి హైదరాబాద్‌కు ఎరుక, మస్కట్‌కు ఎరుక, మీకెరుక. నాకొక్కదానికే ఎరుక లేదు. నెత్తురేమో నాది."

"నువ్వు భయపడతావని..."

"భయపడ్తుంటి. ఎందుకు భయపడ? నా మొగడు పోయిననాడు భయపడలేనా? తెల్లారి లేసి మల్ల చాట ముందటేసుకున్న. భయపడ్డోళ్లు పని చెయ్యరా సార్?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "గా నొప్పి సూదులు కిడ్నీలను తింటయని ఒక్క మాట చెప్తే నేను ఏసుకుంటుంటినా? మీరు రమ్మన్ననాడు రాకుంటుంటినా? నన్ను సదువురాని ముండ అనుకున్నరు. సదువు రాదు. చెవులైతే ఉన్నయి."

లేచి బయటికి వచ్చాను. సామేలు ఏదో అడగబోయాడు. అతని మొహం చూడలేకపోయాను. అతను తమ్ముడు కాబట్టి భయపడ్డాడు. భయపడే హక్కు అతనికుంది. నాకు లేదు.

కోపం ఎవరి మీద

ఆమె ఇప్పుడు లేదు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, చివర్లో మీ కళ్లు తుడుచుకునేందుకు దాచిపెట్టను.

ముందే చెప్పి ఉంటే ఆమె బతికేదా అని మీరు అడుగుతారు. తెలియదు. ఈ రోగం పూర్తిగా పోయే రోగం కాదు. కాని నడుం విరగకుండా ఆపే వీలుండేది, కిడ్నీలు మిగిలేవి, మందులు గట్టి ఒంటి మీద మొదలయ్యేవి. ఉన్న కాలం ఇంకొంచెం నిటారుగా నడిచేది. ఇది చిన్న సంగతా?

ఆ సంవత్సరమే ఒక కాలేజీ లెక్చరరు రక్తంలో ఇదే గీత కనిపించింది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, కాగితం మీద ఎముక బొమ్మ గీసి వివరంగా చెప్పాను. ఆయన భార్యను బెంచీ మీద కూర్చోబెట్టాను. ఏ మందులు వాడకూడదో చెప్పాను. ఆయన ఇప్పటికీ తప్పకుండా పరీక్షలకు వెళ్తున్నాడు, బాగున్నాడు. మనసు నాజూకు, తట్టుకోలేదు, కుటుంబం వద్దంది అనే మాటలన్నీ ఆయన దగ్గర నాకు గుర్తుకు రాలేదు. బీడీలు చేసే విధవరాలి దగ్గరే గుర్తొచ్చాయి. దీన్ని దయ అని పిలుచుకున్నాను. ఇప్పుడు దీనికి ఏ పేరు పెట్టాలో మీరే చెప్పండి.

మీరు నాకంటే మంచి పరీక్షలు చేస్తారు. ఎవరికి రోగం ముదురుతుందో ఇంకా ముందే, ఇంకా కచ్చితంగా చెప్పే రక్త పరీక్షలు వస్తున్నాయని చదువుతున్నాను. రానీ. జరగబోయేది ముందే తెలిస్తే ఎవరికి చెప్తారు? బస్టాండు ముందు చిలక జోస్యం చెప్పేవాడు కూడా ఎదుట కూర్చున్న మనిషి జాతకం ఆ మనిషికే చెప్తాడు. పక్కవాణ్ణి చాటుకు పిలిచి చెప్పడు. అంత మర్యాద మా చదువులో ఎవరూ నేర్పలేదు.

'ఏం లేదు' అనే మాట మన వృత్తిలో అన్నిటికంటే ప్రమాదకరమైన మందు. దాన్ని వేసుకున్న మనిషి మళ్లీ మన గడప తొక్కడు. ఉన్నది చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నీ రక్తంలో ఉండకూడనిది ఒకటి కనిపించింది. ఇప్పుడు అది నిన్నేమీ చేయడం లేదు, ముందు ముందు చేయొచ్చు. అది పెరుగుతోందా లేదా చూసుకుంటూ ఉండాలి, ఒకే ల్యాబులో చూపించుకో, లేకపోతే అంకెలు ఒకదానితో ఒకటి పోల్చలేం. డాక్టరును అడగకుండా నొప్పి సూదులు వద్దు. కొత్తగా నడుం నొప్పి వస్తే బీడీల వల్ల అనుకోకు, రా. ఇంతే. మార్తమ్మ భాషలో ఇది చెప్పడానికి ఒక టీ తాగేంత సేపు పడుతుంది.

కొడుకులు ఒప్పుకోరు. మార్తమ్మ సంగతి జరిగాక నేను బెంచీ తీయించేశాను, అప్పుడు ఒకతను నా మీదికి వచ్చాడు. "మా బాపుకు చెప్తె గుండె ఆగుతది, నువ్వు జిమ్మేదారా?" అని అరిచాడు. ఆ గొడవలో అతని బాపు నెమ్మదిగా లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని, "వీన్ని అరవనియ్ సార్, వీనిది పుట్టుకతోనే పెద్ద గొంతు. మీరు చెప్పుండ్రి" అన్నాడు. ఆయన గుండె ఆగలేదు.

తలుపు

నడుం విరిగాక మార్తమ్మకు హైదరాబాద్‌లో మందులు మొదలుపెట్టారు. పనిచేశాయి. కిడ్నీలు కొంత కోలుకున్నాయి. నడుం వంగిపోయింది కాని నడిచింది. బీడీలు మానేసింది. పరీక్షలకు మాత్రం నా దగ్గరికే వచ్చేది. ఎందుకని ఒకసారి అడిగాను. "మీకు సిగ్గున్నది సార్, ఇగ అబద్ధం చెప్పరు" అంది. అది మెచ్చుకోలు కాదు.

అంకెలు చాలాకాలం తక్కువగానే ఉన్నాయి. నేను ల్యాబు మూసేయడానికి కొన్నాళ్ల ముందు, మళ్లీ పెరిగాయి. గీత తిరిగి లేచింది, లైట్ చెయిన్ల తేడా పాత రోజుల కంటే ఎక్కువైంది. మందు పట్టు వదిలిందన్నమాట. ఆ రోజు సామేలు కూడా వెంట వచ్చాడు, మస్కట్ వదిలేసి వచ్చేశాడు అప్పటికి. ఇద్దరూ లోపలికి వచ్చారు. సామేలు నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. కుర్చీ ముందుకు లాక్కుని, "అక్కా, నువ్వు జర బయట..." అన్నాడు. పాత అలవాటు. ప్రేమతోనే అన్నాడు.

మార్తమ్మ అతని వైపు చూసింది.

"నువ్వే బయట కూసో తమ్మి. నాతోటి అయినంక నిన్ను పిలుస్త."

"అక్కా..."

"లే. నీ నెత్తురు చూపిచ్చిననాడు నువ్వు లోపట కూసో."

సామేలు లేచి వెళ్లాడు. బయట బెంచీ లేదు కదా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె వంగిన నడుంతో నెమ్మదిగా వెళ్లి తలుపు వేసింది. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒళ్లో ఆ ప్లాస్టిక్ కవరే ఉంది.

"ఇగ చెప్పుండ్రి."

రిపోర్టు నా చేతిలో ఉంది. అన్నీ తెలుసు. ఆమెకు చెప్పాలని నిశ్చయించుకునే కూర్చున్నాను, ఇన్నాళ్లుగా అదే పాఠం నాకు నేను చెప్పుకుంటున్నాను. అయినా నోరు తెరిచేసరికి నాలుక మీదికి మొదట వచ్చింది ఆ రెండు మాటలే. ఏం లేదమ్మా. పెదవుల దాకా వచ్చాయి.

ఆమె నా పెదవుల కదలిక చూసింది.

"మింగుండ్రి సార్" అంది. "గా మాట మింగి, ఉన్నది చెప్పుండ్రి."

మింగాను. రిపోర్టు ఆమె వైపు తిప్పి పెట్టి, తిరిగి లేచిన ఆ గీత మీద వేలు పెట్టాను.